అనా పౌకర్‌ను 1952లో ఎందుకు తీసేశారు? తెలిసినవాళ్లు చెప్పండి

కేయూ హిస్టరీ పిల్ల (హన్మకొండ):

అందరికీ నమస్తే. కాకతీయ యూనివర్సిటీలో ఎం.ఎ. హిస్టరీ చదువుతున్నాను. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి తూర్పు యూరప్ మీద సెమినార్ ఇవ్వాలి. తెలివైనవాళ్లు ముందే పోలండ్, హంగరీ పట్టుకుపోయారు, నాకు రుమేనియా మిగిలింది.

చదువుతుంటే అనా పౌకర్ అనే కమ్యూనిస్టు నాయకురాలు తగిలింది. 1947 చివర విదేశాంగ మంత్రి అయింది. ప్రపంచంలో ఆ కుర్చీలో కూర్చున్న తొలి మహిళ అంటున్నారు. మన దగ్గర తెలంగాణ చిన్నమ్మ సుష్మా స్వరాజ్‌కు ఆ శాఖ వచ్చింది 2014లో. కాబట్టి బాగా ఇంట్రెస్ట్ కలిగింది.

ఇప్పుడు అసలు తికమక. ఒక వీడియోలో ఆమె చీర కట్టిన స్టాలిన్ అని, వేలమంది రైతులను జైల్లో పెట్టించిందని చెప్పారు. ఇంకోచోట రైతుల విషయంలో మెతకగా ఉందని కమ్యూనిస్టు పార్టీయే ఆమెను తీసేసిందని రాశారు. రెండూ ఒకే మనిషి గురించి ఎట్లా చెప్తారు? సెమినార్‌లో మా మేడమ్ కచ్చితంగా ఇదే అడుగుతుంది. టెన్షన్‌గా ఉంది. మా తాత జనగామ వైపు పాత సంఘపోళ్ల (కమ్యూనిస్టుల) మనిషి, ఆయన్ని అడిగితే స్టాలిన్ తప్ప ఆ పక్కవాళ్ల పేర్లు మాకు ఎవరు చెప్పారు బిడ్డా అన్నాడు.

మానేరు గాలి (కరీంనగర్):

ఇందులో తికమక ఏముంది చెల్లీ. మాస్కో నుంచి ఎర్ర సైన్యం వెనకాల వచ్చింది, మాస్కో చెప్పింది చేసింది, మాస్కోకు అవసరం తీరాక పోయింది. ఒక్క స్లైడ్ చాలు.

రిటైర్డ్ లెక్చరర్ (వడ్డేపల్లి, హన్మకొండ):

బిడ్డా, నీకు దొరికిన రెండు మాటలూ ఒక్క చోట పుట్టినవే. మెతకగా ఉందన్నది ఆమె బతికుండగా సొంత పార్టీ మోపిన నేరం. రైతులను జైల్లో పెట్టించిందన్నది ఆమె చచ్చిపోయాక అదే పార్టీ అంటగట్టిన నేరం. ఈ కొస పట్టుకుంటే నీ సెమినార్ నడుస్తుంది. మిగతాది వివరంగా చెప్తా, ఓపికుంటే చదువు. కరీంనగర్ తమ్మీ, నువ్వు కూడా చదువు, ఒక్క స్లైడ్‌లో పట్టే మనిషి కాదామె.

1893లో రుమేనియా ఈశాన్యాన వస్లూయి జిల్లాలో కొడాయెష్తి అనే ఊళ్లో పుట్టింది. బీద యూదు కుటుంబం. అసలు పేరు హన్నా రాబిన్‌సోన్. మన దగ్గర ముల్లా వచ్చి హలాల్ చేసినట్టే యూదులకూ వాళ్ల పద్ధతిలో కోసే మనిషి ఉంటాడు, తండ్రిది ఆ పని. తను పెద్దయ్యాక యూదు పిల్లలకు హీబ్రూ చెప్పే పంతులమ్మ అయింది. అప్పటి రుమేనియాలో తరతరాలుగా ఉంటున్న యూదులకు కూడా పౌరసత్వం గ్యారంటీ లేదు. 1923 రాజ్యాంగంతో గానీ ఆ సంగతి తేలలేదు. అట్లాంటి ఇంట్లోంచి వచ్చిన పిల్ల 1915లో సోషల్ డెమోక్రాట్లలో చేరిందంటే, ఆశ్చర్యపోవలసింది ఏమీ లేదు.

1921లో మార్సెల్ పౌకర్ అనే కామ్రేడ్‌ను పెళ్లి చేసుకుంది. అదే ఏడాది కమ్యూనిస్టు పార్టీ పుట్టింది, 1924లో దాన్ని నిషేధించారు. ఇక అక్కడి నుంచి అజ్ఞాతం, అరెస్టులు, బెర్లిన్, ప్యారిస్, మాస్కో. 1934లో దొంగచాటుగా స్వదేశం వచ్చింది. 1935లో పట్టుకునేటప్పుడు పోలీసులు కాళ్ల మీద కాల్చారు. 1936లో క్రయోవా పట్టణంలో విచారణ జరిగింది, పదేళ్ల శిక్ష వేశారు. ఆ విచారణకు యూరప్ అంతటా పేరొచ్చింది, ఆమె పేరు బయటి దేశాలకు తెలిసింది అప్పుడే.

ఇక్కడ ఆగి ఒక్క విషయం చూడు. ఆమె రుమేనియా జైల్లో ఉండగా, 1938లో ఆమె భర్తను కాల్చి చంపారు. చంపింది రుమేనియా రాజు కాదు, మాస్కోలో స్టాలిన్ పోలీసులు. ప్రక్షాళన అని పేరు పెట్టి అప్పట్లో విదేశీ కమ్యూనిస్టులను పిట్టల్లా రాల్చారు కదా, అందులో అతనూ పోయాడు. ఈమె కూడా అప్పుడు మాస్కోలో ఉండి ఉంటే ఇద్దరికీ ఒకటే గతి పట్టేదని నా అనుమానం. శత్రువు జైలే ఆమెను కాపాడింది. 1941లో సోవియట్ల చేతిలో చిక్కిన ఒక రుమేనియా రాజకీయ నాయకుడిని ఇచ్చి ఈమెను మార్చుకున్నారు. భర్తను చంపిన ఊరికే పోయింది, చంపినవాళ్ల కోసమే పనిచేసింది. దీన్ని నువ్వు విశ్వాసం అను, భయం అను, మొండితనం అను. నాకైతే మూడూ కలిసే ఉన్నాయనిపిస్తుంది.

1944లో ఎర్ర సైన్యంతో పాటు తిరిగి వచ్చేసరికి దేశంలో పార్టీ సభ్యులు వెయ్యికి అటూ ఇటూ. పార్టీలో అందరికంటే పలుకుబడి ఆమెది. అయినా ప్రధాన కార్యదర్శి పదవి తీసుకోలేదు. ఆడమనిషిని, యూదును, పైగా కార్మికురాలిని కాను, ఈ దేశం ఒప్పుకోదని లెక్క వేసుకుంది. 1945లో ఆ పదవి గెయోర్గియు దేజ్‌కు పోయింది. దేజ్ రైల్వే ఎలక్ట్రీషియన్, 1933 నాటి రైల్వే కార్మికుల సమ్మెలో జైలుకెళ్లి పేరు తెచ్చుకున్నవాడు. కాజీపేట వాళ్లకు ఈ రకం లీడర్లు కొత్త కాదు. కుర్చీ అతనికి, మాట ఈమెకు. ఏడేళ్ల తర్వాతి గొడవకు విత్తనం అక్కడే పడింది.

1947 చివర విదేశాంగ మంత్రి. డిసెంబరు 30న రాజు మిహాయ్ చేత గద్దె దించారు, రాచరికం పోయింది. 1948 సెప్టెంబరు 20 తేదీతో వచ్చిన టైమ్ పత్రిక కవర్ మీద ఈమె బొమ్మ వేశారు, బతికున్న ఆడవాళ్లలో అత్యంత బలమైన మనిషి అని. ఆ తేదీకి మూడు రోజుల ముందు, సెప్టెంబరు 17న, ఇక్కడ నిజాం లొంగిపోయాడు. మీ తాతకు ఆమె పేరు తెలియకపోవడంలో వింత లేదు, ఆ వారం మన ఊళ్లలో టైమ్ పత్రిక ఎవరు చూస్తారు.

మంత్రిగా ఏం చేసిందంటే, చెప్పుకోదగ్గది 1948 ఆగస్టు బెల్‌గ్రేడ్ సమావేశం. డాన్యూబ్ నది మీద ఓడల రాకపోకలపై పెత్తనం ఒడ్డున ఉన్న దేశాలకే ఉండాలని, బ్రిటన్, ఫ్రాన్స్, అమెరికా పక్కకు జరగాలని అక్కడ తీర్మానించారు. రుమేనియా బృందానికి ఈమె పెద్ద. కానీ తీర్మానం రాసుకొచ్చింది సోవియట్లు. ఆ రోజుల్లో ఆ దేశాలలో విదేశాంగ శాఖ అంటే సంతకాల శాఖ. తొలి మహిళ అన్న ముక్క ఒక్క వాక్యంలో చెప్పి దాటెయ్, దాని మీద సెమినార్ నిలబడదు.

అసలు కథ వ్యవసాయంలో ఉంది. పార్టీ కేంద్ర కమిటీలో ఆ బాధ్యత ఆమెది. 1945 మార్చిలో 50 హెక్టార్లు, అంటే మన లెక్కలో 125 ఎకరాలకు దగ్గర, దాటిన భూములు తీసుకుని బీద రైతులకు పంచారు. మనకు బాగా అర్థమయ్యే పని. నాలుగేళ్లు తిరగకుండానే, 1949 మార్చిలో, ఆ భూములన్నీ ఉమ్మడి క్షేత్రాల్లో కలపాలని తీర్మానం చేశారు. పట్టా చేతికొచ్చి సిరా ఆరలేదు, మళ్లీ వెనక్కి ఇమ్మంటే ఏ రైతు ఇస్తాడు? పౌకర్ ఆ తీర్మానానికి వ్యతిరేకి కాదు, ఇది గుర్తుపెట్టుకో. నెమ్మదిగా పోదాం, ఇష్టపడినవాళ్లనే చేర్చుకుందాం, ట్రాక్టర్లు రానీయండి అన్నది ఆమె లైను. 1950లో రొమ్ము క్యాన్సర్‌కు మాస్కోలో ఆపరేషన్ చేయించుకుంది. ఆమె దేశంలో లేని ఆ నెలల్లోనే ఊళ్ల మీద జులుం పెరిగింది. కొట్టి సంతకాలు చేయించుకున్నారు. రైతులు తిరగబడితే కాల్చారు. తిరిగొచ్చి ఆమె గొడవ పెట్టుకుంది, వేగం తగ్గించింది. పార్టీ మినిట్స్‌లో ఇదంతా ఉంది. 1989 తర్వాత ఆ దస్తావేజులు తెరిస్తే గానీ బయటికి రాలేదు.

దీనికి తోడు 1950 వసంతం నుంచి 1952 దాకా లక్షమంది వరకు యూదులు ఇజ్రాయెల్ వెళ్లిపోవడానికి అనుమతులు ఇచ్చారు, అందులోనూ ఆమె చెయ్యి ఉంది. ఆ సమయానికి మాస్కోలో గాలి మారింది. యూదు కమ్యూనిస్టు అంటే అనుమానం. 1952 నవంబరులో ప్రాగ్‌లో జరిగిన, చెకొస్లొవేకియా పార్టీ పెద్ద స్లాన్‌స్కీ విచారణ చూడు, 14 మంది ముద్దాయిల్లో 11 మంది యూదులే.

దేజ్ ఈ గాలిని బాగా వాడుకున్నాడు. 1952 జనవరిలో కరెన్సీ మార్చారు, జనం దాచుకున్న డబ్బు చిత్తు కాగితమైంది. ఆ సాకుతో ముందు ఆర్థిక మంత్రి వాసిలె లూకా మీద పడ్డారు. మే చివరి ప్లీనంలో (కేంద్ర కమిటీ పూర్తి సమావేశంలో) లూకా, హోం మంత్రి తెయోహరి జార్జెస్కు, పౌకర్, ముగ్గురినీ కలిపి మితవాద పెడధోరణి, అంటే పార్టీ లైను వదిలి మెతకవైపు జారారని ముద్ర వేశారు. ఆ ముద్ర ఎట్లా పడుతుందో మీ తాతను అడుగు. 1951 అక్టోబరులో ఇక్కడ సాయుధ పోరాటం విరమించే ముందు, ఆపుదాం అన్నవాళ్లకూ అదే ముద్ర పడింది. కాకపోతే ఇక్కడ ముద్ర పడినవాళ్లు 1952 ఎలక్షన్లలో నిలబడి గెలిచారు. అక్కడ అరెస్టయ్యారు.

1953 ఫిబ్రవరిలో ఆమెను పట్టుకుపోయారు. ప్రాగ్‌లో చేసినట్టే పెద్ద విచారణ చేద్దామని ఏర్పాట్లు. మార్చి 5న స్టాలిన్ చచ్చిపోయాడు. ఏప్రిల్‌లో వదిలి ఇంట్లో కాపలా పెట్టారు. స్టాలిన్ పోయాడని చెబితే ఆమె ఏడ్చిందట, ఎందుకేడుస్తావ్, ఆయన బతికుంటే నువ్వు చచ్చేదానివి అని పక్కనున్న పార్టీ మనిషి అన్నాడట. ఇది విన్న మాట, సెమినార్‌లో చెప్తే "అట" వేసి చెప్పు.

మా చిన్నప్పుడు సోవియట్ భూమి పత్రిక వచ్చేది. ఆ నున్నటి కాగితం స్కూలు పుస్తకాలకు అట్టలు వేసుకోవడానికి భలే ఉండేది. రుమేనియా బొమ్మలు వస్తే ట్రాక్టర్లు, గోధుమ చేలు, నవ్వుతున్న ఆడవాళ్లు. పౌకర్ పేరు ఎక్కడా చూసిన గుర్తు లేదు.

మానేరు గాలి (కరీంనగర్):

సార్, బాగా చెప్పారు, కాదనను. కానీ ఇట్లా చెప్తే పిల్లలు ఆమెను పాపం అమాయకురాలు అనుకుంటారు. నేషనల్ పెజంట్ పార్టీ నాయకుడు యూలియు మానియును 1947లో విచారణ పేరుతో జైల్లో వేసింది ఎవరి ప్రభుత్వం? ఆయన 70 దాటిన మనిషి, 1953లో సిగెత్ జైల్లో చచ్చిపోయాడు. రైతుల పార్టీ పెద్దమనిషిని జైల్లో పెట్టి, రైతుల విషయంలో మెతక అంటే ఎట్లా? డాన్యూబ్ నుంచి నల్లసముద్రానికి కాలువ తవ్వుతామని 1949లో మొదలుపెట్టి ఖైదీలతో తవ్వించారు. ఆ కేబినెట్‌లో ఈమె లేదా? ఇంకా చెప్పాలంటే, యూదులను చంపిన ఫాసిస్టు ముఠా ఐరన్ గార్డ్ వాళ్ల కింది కేడర్‌ను పార్టీలోకి తీసుకోవడానికి ఒప్పుకుంది కూడా ఈమెనే.

పసుపు రైతు బిడ్డ (మెట్‌పల్లి):

నాకు రాజకీయం అంత తెలవదు గానీ సార్ చెప్పిన ఊళ్ల సంగతి దగ్గర ఆగిపోయాను. మా నాయనమ్మ నిజాం కాలపు లెవీ గల్లా గురించి చెప్పేది. పంట బాగా వచ్చినా, ఎండినా, ఎకరానికి ఇంత అని కొలవాల్సిందే. దొరల ఇండ్లల్ల మాత్రం గింజ కదలకపోయేది. గల్లా తీసుకుపోవడానికి వచ్చినవాళ్లు గుమ్మి అడుగు దాకా కర్ర పెట్టి చూసేవాళ్లట. రుమేనియాలో కూడా భూమి గుంజుకోక ముందు ఇట్లాంటిది ఏమైనా ఉండెనా?

రిటైర్డ్ లెక్చరర్ (వడ్డేపల్లి, హన్మకొండ):

ముందు మెట్‌పల్లి బిడ్డకు. ఉండెనమ్మా, అచ్చంగా ఉండె. ధాన్యం, మాంసం, పాలు, ఉన్ని, అన్నిటికీ కోటాలు. సర్కారు చెప్పిన ధరకు కొలవాలి, ఆ ధర పెట్టుబడికి కూడా చాలేది కాదు. భూమి ఎక్కువున్నవాడికి హెక్టారుకు కోటా కూడా ఎక్కువ. తేడా ఒక్కటి. నిజాం లెవీ దొరను వదిలి చిన్న రైతును పట్టుకుంది. అక్కడ కోటా "కియాబుర్" అని ముద్ర పడినవాడి నడుము విరిచింది. కియాబుర్ అంటే మన విసునూరు దొర లాంటివాడిని ఊహించుకోకు. అసలు దొరల భూములు 1945లోనే పోయాయి. వీళ్లు నాలుగు ఎకరాలు ఎక్కువున్నవాళ్లు, కోతలకు ఒక కూలీని పెట్టుకున్నవాళ్లు, పిండి మర ఉన్నవాళ్లు. ఊరి సెక్రటరీతో పడకపోయినా ఆ లిస్టులో ఎక్కేవాళ్లు. కోటా కట్టలేకపోతే విద్రోహం కింద కేసు. ఎవరైనా ఉమ్మడి క్షేత్రంలో తనంతట తాను చేరాడంటే, సగం సార్లు ఈ కోటా బాధ పడలేకనే.

ఇక తమ్మీ, నువ్వు చెప్పినవన్నీ నిజమే, ఒక్కదాన్ని కూడా కొట్టెయ్యను. మానియు మీద విచారణ జరిగిన 1947 చివర ఆమె పార్టీలో అందరికంటే పైనుంది. కోటాలూ ఆమె బాధ్యతలో ఉన్నప్పుడు వచ్చినవే. ఐరన్ గార్డ్ సంగతి కూడా అంతే. వెయ్యిమంది పార్టీని రెండు మూడేళ్లలో లక్షల్లోకి పెంచాలంటే తలుపు బార్లా తెరిచారు, ఎవరు దూరారో చూడలేదు. యూదు ఆడమనిషి యూదులను వేటాడినవాళ్లకు సభ్యత్వం ఇవ్వడం నాకూ మింగుడుపడదు. ఆమె అమాయకురాలని నేను అనలేదు. ఆ యంత్రాన్ని కట్టినవాళ్లలో ఆమె ఒకతె.

కానీ నీ ఒక్క స్లైడ్‌తో నాకున్న పేచీ వేరే. మాస్కో మనిషి అని అందరినీ ఒకే గాటన కడితే దేజ్ తప్పించుకుంటాడు. అతను కోరుకున్నదీ అదే. 1956లో సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ స్టాలిన్‌ను తిట్టాక, దేజ్ ఏమన్నాడో తెలుసా? స్టాలినిస్టులను మేం 1952లోనే ఏరివేశాం, మాకు కొత్తగా చెప్పేదేంటి అన్నాడు. ఏరివేసింది స్టాలిన్ ఒప్పుకున్నాకనే అన్న సంగతి మింగేశాడు. దేశం బయట కూడా చాలామంది నమ్మారు. నువ్వు చెప్తున్న కథకు వేరు అక్కడుంది.

కేయూ హిస్టరీ పిల్ల (హన్మకొండ):

సార్, అందరికీ థాంక్స్. ఇప్పుడు లైన్ దొరికింది. ఒక్కటి మిగిలింది. జైలు నుంచి వచ్చాక ఆమె తప్పు ఒప్పుకుందా? వేలమంది రైతుల అరెస్టు అనే మాట కరెక్టుగా ఎక్కడ పుట్టింది?

రిటైర్డ్ లెక్చరర్ (వడ్డేపల్లి, హన్మకొండ):

ఒప్పుకోలేదు. 1954లో పార్టీ నుంచి బహిష్కరించారు. 1956లో పార్టీ వాళ్లు పిలిచి కూర్చోబెట్టి ప్రశ్నలు వేశారు, ఆత్మవిమర్శ చేసుకో, తేలిగ్గా పోతుంది అన్నట్టు. మోపిన నేరాలు ఒప్పుకోకుండానే లేచి వచ్చింది. పార్టీ పబ్లిషింగ్ హౌస్‌కు ఫ్రెంచి, జర్మన్ నుంచి పుస్తకాలు అనువదిస్తూ బతికింది. అట్లా బతకనిచ్చారంటే ఆమె అదృష్టం. లూకాకు 1954లో ఉరిశిక్ష వేసి, యావజ్జీవంగా మార్చారు, 1963లో అయూద్ జైల్లోనే పోయాడు. ఈమె 1960 జూన్ 3న క్యాన్సర్‌తో పోయింది.

రైతుల అరెస్టు లెక్క 1961 చివరి ప్లీనంలో వచ్చింది. ఉమ్మడి క్షేత్రాల పేరుతో 80 వేల మంది రైతులను అరెస్టు చేశారని, 30 వేల మందిని బహిరంగంగా విచారించారని దేజ్ స్వయంగా చెప్పాడు. చెప్పి, ఆ పాపం పౌకర్ ముఠాది అన్నాడు. జవాబు చెప్పడానికి ఆమె లేదు. ఆమె ఉన్నప్పటి అరెస్టులు ఆ లెక్కలో లేవని కాదు, ఉన్నాయి. కానీ ఆమెను దించాక కూడా అదే పని పదేళ్లు నడిచింది. 1962లో పూర్తయిందని ప్రకటించారు.

మీ మేడమ్ అడిగితే వాదు రోష్కా చెప్పు. తూర్పున వ్రాంచా ప్రాంతంలో చిన్న ఊరు. ఉమ్మడి క్షేత్రంలో చేరబోమని జనం ఎదురుతిరిగితే 1957 డిసెంబరులో సైన్యం కాల్చింది, 9 మంది పోయారు. అప్పుడు బలగాల వెంట వెళ్లిన పార్టీ నాయకుడు నికొలాయె చౌషెస్కు, తర్వాత 1989 దాకా దేశాన్ని ఏలిన మనిషే. పౌకర్ పదవి పోయి అప్పటికి ఐదేళ్లు. 1961లో దేజ్ ఆ నేరాలన్నీ ఆమె మీద వేస్తున్నప్పుడు, ఔనౌనని లేచి మాట్లాడినవాళ్లలో ఈ చౌషెస్కు ఉన్నాడు.

కేయూ హిస్టరీ పిల్ల (హన్మకొండ):

వాదు రోష్కాతోనే మొదలుపెడతాను సార్. టైమ్ కవర్ రెండో స్లైడ్‌లో వేస్తా. తాత సెమినార్‌కు వస్తానంటున్నాడు, మితవాద ముద్ర గురించి ఆయనకు ఒక మాట చెప్పాలట, మేడమ్‌ను అడిగి చూస్తా.